సి సర్టిఫికెట్

మన రాజ్యాంగం 18వ అధికరణంలో బిరుదుల్ని రద్దు చేసింది. రావు బహద్దూర్లు, దివాన్ బహద్దూర్లు అక్కడితో సరి. కానీ ఆ వాక్యంలోనే చిన్న మినహాయింపు ఉంది. సైన్యానికి సంబంధించిన హోదాలూ, చదువుకు సంబంధించిన హోదాలూ తప్ప, అని. పౌరులందరూ సమానమే అని తేల్చిన తర్వాత కూడా మనిషి పేరు ముందు ఉండనిచ్చినవి ఈ రెండే. డాక్టరు ఉండొచ్చు, కల్నల్ ఉండొచ్చు. ఆ మినహాయింపు మీద పెద్దగా ఎవరూ మాట్లాడరు. నాకైతే అందులో చాలా పెద్ద నమ్మకం దాగి ఉందనిపిస్తుంది. చదువూ, యుద్ధమూ, ఈ రెంటిలో వచ్చే ఎక్కువతక్కువలు పుట్టుకతో వచ్చినవి కావు, సంపాదించుకున్నవి, కాబట్టి వాటిని ఉంచుకోవచ్చు అనే నమ్మకం.

ఆ రెండు హోదాలూ ఒకే గ్రౌండులో కలిసే చోటు ఎన్‌సీసీ. డిగ్రీ చదువుతూ మూడేళ్ళు పరేడ్ చేసి, క్యాంపులకు వెళ్ళి, సి సర్టిఫికెట్ పరీక్షలో కనీసం బి గ్రేడ్ తెచ్చుకుని, డిగ్రీలో 50 శాతం మార్కులుంటే, సైన్యంలో ఆఫీసరు ఉద్యోగానికి రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూకి పిలుస్తారు. దాన్ని ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అంటారు. అది దాటి, మెడికల్ దాటి, మెరిట్ లిస్టులో పేరొస్తే చెన్నై పరంగిమలై దగ్గరున్న ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో 49 వారాలు. బయటికి వచ్చేసరికి లెఫ్టినెంటు. కింద 30 మంది దాకా మనుషులు, వాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి సర్వీసు చూసినవాళ్ళు.

పంతొమ్మిదేళ్ళవాడు, ఇంకా సెమిస్టర్ సప్లీలు రాసుకుంటున్నవాడు, ఇతరుల ప్రాణాల మీద ఆజ్ఞ ఇచ్చే పనికి తనని తాను తయారు చేసుకోవడం ఏమిటి, దానికి కాలేజీ తగిన చోటేనా అన్నది నా ప్రశ్న. శాంతి మంచిదా యుద్ధం మంచిదా అనే పాత వక్తృత్వ పోటీ కాదు. సైన్యం ఉంటుంది. ఉన్నప్పుడు దానికి ఆఫీసర్లు ఎక్కడినుంచో రావాలి. ఎక్కడినుంచి, ఏ వయసులో, ఏం నేర్చుకుని అన్నదే తేలాల్సిన సంగతి.

చరిత్ర కొంచెం చూస్తే ఒకటి కనిపిస్తుంది. రాజ్యానికి యుద్ధంలో మనుషులు తక్కువైనప్పుడల్లా కాలేజీ గుర్తొచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, 1917లో, యూనివర్సిటీ కోర్ పెట్టారు. 1920లో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది. రెండో యుద్ధం నడుస్తుండగా 1942లో యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్. యుద్ధం అయ్యాక 1946లో కుంజ్రూ కమిటీ, దాని సిఫారసు మీద 1948లో ఎన్‌సీసీ చట్టం. చైనాతో యుద్ధం తర్వాత 1963లో కాలేజీ కుర్రాళ్ళందరికీ తప్పనిసరి చేశారు. మద్రాసులో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూలు పెట్టిందీ ఆ ఏడాదే. ఐదేళ్ళకి, 1968లో, ఇష్టమున్నవాళ్ళకే అని మార్చారు. మరుసటేడు, గాంధీ శతజయంతి ఏడాది, ఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. అప్పట్నుంచి మన కాలేజీల్లో ఖాకీ వద్దనుకున్నవాళ్ళు చెట్లు నాటొచ్చు. 2021లో యూజీసీ ఎన్‌సీసీని క్రెడిట్లున్న ఎలక్టివ్‌గా తీసుకోవచ్చంది. పరేడ్ కూడా మార్కుల మెమోలోకి ఎక్కింది.

కడప జిల్లాలో ఈ సంగతికి ఇంకా పాత కథ ఉంది. 1800లో నిజాం ఈ దత్తమండలాల్ని కంపెనీకి ఇచ్చేనాటికి ఇక్కడ పాలెగాళ్ళున్నారు, వాళ్ళ కింద కట్టుబడి బంట్రోతులున్నారు. కట్టుబడి అంటే జీతం కాదు, మాన్యం. కొంత భూమి ఇస్తారు, దానికి బదులు పిలిచినప్పుడు కత్తి పట్టుకుని రావాలి. మన్రో దొర వచ్చి పాలెగాళ్ళని అణిచాడు. ఆ తర్వాత దశాబ్దాల్లో కట్టుబడి మాన్యాలు కూడా ఒక్కొక్కటే చేజారాయి. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి లేచినప్పుడు ఆయన వెంట నడిచినవాళ్ళలో మాన్యాలు పోయిన కట్టుబడివాళ్ళు ఎక్కువ. సినిమాలో ఈ భూమి లెక్క అంతగా కనిపించదు, కత్తులే కనిపిస్తాయి. మళ్ళీ అదే శతాబ్దం చివరికొచ్చేసరికి ఇంగ్లీషువాళ్ళు యుద్ధజాతులు అనే సిద్ధాంతం పట్టుకుని, తెలుగువాళ్ళు పోరాటానికి పనికిరారని మద్రాసు సైన్యంలో మనవాళ్ళని తగ్గించేశారు. పాలెగాళ్ళని అణచడానికి నానా తంటాలు పడ్డ కంపెనీ వారసులే ఆ మాటన్నారు!

చెన్నూరు కడప నుంచి మైదుకూరు రోడ్డులో పెన్న ఒడ్డున ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ ఒకటుండేది, మూతపడింది. మా చిన్నాన్నవాళ్ళు అక్కడే. చిన్నాన్న కొడుకు కడపలో డిగ్రీ చేస్తూ ఎన్‌సీసీలో చేరాడు. వాడికి వచ్చిన మొదటి హిందీ మొత్తం ఆజ్ఞలే. సావధాన్, విశ్రామ్, దాయే ముడ్, తేజ్ చల్, థమ్. నీళ్ళు కావాలని హిందీలో అడగడం రాకముందే ముప్పైమందిని ఒక్కసారిగా కుడివైపు తిప్పడం వచ్చింది. నేను దాన్ని ఎగతాళిగా చెప్పడం లేదు. ఒక భాష ఆజ్ఞార్థకంతో మొదలైతే మనసులో అది ఎలా కూర్చుంటుందా అని నిజంగానే ఆలోచించాను. తెలుగు మనకి అమ్మ ద్వారా వస్తుంది, అందులోనూ 'రా', 'తిను', 'పడుకో' అనే ఆజ్ఞలే ముందొస్తాయి. కాబట్టి ఇదేమంత ఘోరం కాదేమో.

వాడు ఎస్‌ఎస్‌బీకి బెంగళూరు వచ్చినప్పుడు రిపోర్టింగుకి ముందు నాలుగు రోజులు నా రూములో ఉన్నాడు. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు నడుస్తుంది. మొదటి రోజే సగానికి పైగా ఇంటికి పంపేస్తారు. మిగిలినవాళ్ళకి ఛాతీ మీద నంబరు తగిలించి, మనసు పరీక్షలు, గ్రౌండు పరీక్షలు, ఇంటర్వ్యూ, చివరి రోజు కాన్ఫరెన్స్. మనసు పరీక్షల్లో ఒకటి ఇలా ఉంటుంది. తెర మీద ఒక్క మాట కనబడుతుంది. 15 సెకన్లలో దాని మీద వాక్యం రాయాలి. అలా 60 మాటలు. ఆలోచించే టైము ఇవ్వకపోతే లోపలున్నది బయటికొస్తుందని లెక్క.

నేను మాట చెప్తే వాడు వాక్యం చెప్పేవాడు. 'ఓటమి' అన్నాను. ఓటమి గెలుపుకి మెట్టు అన్నాడు. 'భయం' అన్నాను. సాధన భయాన్ని పోగొడుతుంది. 'చావు' అన్నాను. చావు తర్వాత కూడా మంచి పనులు మిగులుతాయి. ఒక్క క్షణం ఆగలేదు. అన్నీ కోచింగువాళ్ళ నోట్సులోవి. నెగటివ్ మాట వస్తే పాజిటివ్ వాక్యం రాయాలట. నిజంగా చావంటే నీకేం గుర్తొస్తుంది అని అడిగితే వాడు కాసేపు ఫ్యాన్ వైపు చూసి, "జేజి సచ్చిపోయినప్పుడు కాళ్ళ బొటనేళ్ళు కట్టినారు గదన్నా, అది" అన్నాడు. అది రాయవా అంటే నవ్వాడు. "రాస్తే ఇంటికి పంపిచ్చారు."

నాకు ఇందులో తేడాగా అనిపించింది ఒకటే. చావు గురించి అబద్ధం చెప్పడం అలవాటు చేసుకున్నవాడు మనుషుల్ని చావు దగ్గరికి తీసుకెళ్ళాలి. సైన్యం అలా కోరుకోదు, నాకు తెలుసు. పరీక్ష పెట్టినవాళ్ళు నిజాయితీనే వెతుకుతున్నారు. కానీ పరీక్ష అనేది పెట్టగానే దాని చుట్టూ కోచింగు మొలుస్తుంది. ఐఐటీకి మొలిచినట్టే. ఫిజిక్సు రాకపోయినా ఫార్ములా బట్టీపడితే దేశానికి పెద్ద నష్టం లేదు.

మాటమీద మాట వచ్చి నేను అసలు ప్రశ్న అడిగాను. రేపు నీకు నచ్చని ఆర్డరు వస్తే ఏం చేస్తావు?

"నువ్వేం చేస్తాండావు?" అన్నాడు. "పొద్దున లేస్తానే టికెట్ వచ్చింటాది, చేస్తావు. ఆ కోడ్ యాడికి పోతాదో, దాంతో ఎవురి పని పోతాదో నువ్వు అడిగినావా? ఆర్మీ వాళ్ళకే ఈ ప్రశ్నలు అడుగుతారేందన్నా మీరంతా?"

మంచి దెబ్బే. ఉద్యోగం అంటేనే కొంత బుద్ధిని అద్దెకివ్వడం. కానీ నా అద్దె ఒప్పందానికి నోటీసు పీరియడ్ ఉంది. మూడు నెలలు ముందు చెప్పి వెళ్ళిపోవచ్చు. కమిషన్ తీసుకున్న ఆఫీసరు అలా వెళ్ళలేడు. షార్ట్ సర్వీస్ అంటే పదేళ్ళు, కావాలంటే మరో నాలుగు. మధ్యలో మనసు మారితే రాజీనామా పెట్టొచ్చు, ఒప్పుకోవడం వాళ్ళ చేతుల్లో ఉంటుంది. అకాడమీలో ఉండగానే తనంతట తాను మానేస్తే ట్రైనింగ్ ఖర్చు కట్టాలి. అంటే ఇరవై రెండేళ్ళవాడు ముప్పై రెండేళ్ళవాడి తరఫున మాట ఇస్తున్నాడు. ఆ ముప్పై రెండేళ్ళ మనిషి ఏం నమ్ముతాడో వీడికి తెలియదు.

మనకి ఈ కథ కొత్తది కాదు. దేవవ్రతుడు తండ్రి పెళ్ళి కోసం కుర్రతనంలో మాట ఇచ్చాడు. ఆ మాట ఆయన్ని సింహాసనానికి కట్టేసింది, సింహాసనం మీద ఎవడు కూర్చుంటే వాడికి కట్టేసింది. చివరికి ఎటువైపు ధర్మం ఉందో తెలిసి కూడా రెండోవైపు సేనాపతి అయ్యాడు. యుద్ధానికి ముందు ధర్మరాజు వచ్చి కాళ్ళకి మొక్కితే భీష్ముడు చెప్పిన కారణం ప్రతిజ్ఞ కూడా కాదు. వాళ్ళ సొమ్ముకి కట్టుబడ్డాను అన్నాడు. మనం ఉప్పు తిన్నాను అంటాం. కట్టుబడి బంట్రోతు మాన్యం తిన్నాడు. భీష్ముణ్ణి మనం గొప్పవాడనే అంటాం, పిల్లలకి ఆయన పేరు మాత్రం పెట్టుకోం.

అయితే ఎన్‌సీసీ క్యాడెట్ ఇంకా భీష్ముడు కాదు. ఈ తేడా ముఖ్యమైనది. క్యాడెట్‌గా ఉన్నందుకు యుద్ధానికి వెళ్ళాల్సిన బాధ్యత ఏదీ లేదు. పాయింట్ టూటూ రైఫిల్ పట్టుకుంటాడు, గురి చూసి కాగితం మీద కాలుస్తాడు, పరేడ్ అయ్యాక టిఫిన్ తింటాడు, నచ్చకపోతే వచ్చేవారం రాడు. మాట ఇవ్వకముందు మాట గురించి ఆలోచించుకోవడానికి దొరికే మూడేళ్ళు ఇవి. కాలేజీలో ఈ పని జరగడానికి నాకు కనిపించే బలమైన సమర్థన ఇదే. పక్క బిల్డింగులోనే లైబ్రరీ ఉంది, పొలిటికల్ సైన్సు సారున్నాడు, ఖాకీ అంటే పడని క్లాస్‌మేట్ ఉన్నాడు. ఆ మూడేళ్ళలో నీ పరేడ్ గ్రౌండులో ఆజ్ఞ గురించి ఎవరైనా మాట్లాడారా అని అడిగాను. బూట్ల పాలిష్ గురించి మాట్లాడారట.

మాట్లాడాల్సింది మాత్రం చట్టంలోనే ఉంది. 1950 ఆర్మీ యాక్టు 41వ సెక్షన్ పైఅధికారి ఆజ్ఞని ధిక్కరిస్తే శిక్ష గురించి చెప్తుంది. 14 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. కానీ అందులో మాట ఉత్త ఆజ్ఞ కాదు, చట్టబద్ధమైన ఆజ్ఞ. అటువైపు, మెకాలే కాలం నాటి పీనల్ కోడ్ 76వ సెక్షన్‌లో ఒక ఉదాహరణ ఉండేది. సైనికుడు పైఅధికారి చెప్పాడని, చట్టం చెప్పిన దానికి లోబడి, గుంపు మీద కాలిస్తే నేరం కాదు అని. ఇప్పుడు కొత్త న్యాయసంహితలో అదే 14వ సెక్షన్. రెండుచోట్లా చట్టం అనే మాట దూర్చారు. అంటే ఆజ్ఞ అందుకున్నవాడు అది చట్టబద్ధమో కాదో అక్కడికక్కడే తేల్చుకోవాలి. మామూలు రోజుల్లో కోర్టులు పదేళ్ళు తీసుకునే పని అది. ఆఫీసరైతే రెండువైపులా ఉంటాడు. పైనుంచి వచ్చిన ఆజ్ఞని తూచాలి, కిందివాడికి తను ఇచ్చే ఆజ్ఞ తూకానికి నిలబడాలి. ఇంతకంటే చదువు అవసరమైన పని ఏముంటుంది?

అందుకే ఆఫీసర్లు కాలేజీల నుంచి రావాలి అని వాదించేవాళ్ళున్నారు. అమెరికాలో ఇది పెద్ద గొడవే అయింది. వియత్నాం యుద్ధం రోజుల్లో, 1969లో, హార్వర్డ్ విద్యార్థులు క్యాంపస్‌లో సైనిక శిక్షణ ఉండకూడదని సమ్మె చేశారు. హార్వర్డ్ నుంచి ఆ శిక్షణ వెళ్ళిపోయింది, మళ్ళీ 2011లోగానీ రాలేదు. అంతకు ముందు ఏడాది, 1968 మార్చి 16న, మై లాయ్ ఊళ్ళో వందలమంది నిరాయుధుల్ని చంపించిన లెఫ్టినెంట్ కాలీ జూనియర్ కాలేజీ పూర్తిచేయలేక మానేసినవాడు. చదువుకున్న కుర్రాళ్ళు చేతులు కడుక్కుని వెళ్ళిపోతే సైన్యం కాలీ లాంటివాళ్ళతో నిండుతుంది అని అప్పట్లో అన్నారు. నాకు చాలాకాలం ఈ వాదన నచ్చింది, చదువుకున్నవాళ్ళకి నచ్చే వాదనే మరి.

కానీ మన చరిత్ర దాన్ని సగంలోనే విరిచేస్తుంది. జలియన్‌వాలాబాగ్‌లో కాల్చమన్న డయ్యర్ సాండ్‌హర్స్ట్‌లో తయారైన ఆఫీసరు. పద్ధతిగా నేర్చుకున్నవాడు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధ పఠాన్ల మీద కాల్చం అని ఆగిపోయింది గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలు. వాళ్ళని నడిపించిన చంద్రసింగ్ గఢ్వాలీ హవల్దార్, కొండ ఊరివాడు, ఏ కాలేజీ మెట్లూ ఎక్కనివాడు. కోర్టు మార్షల్ చేసి ఏళ్ళ తరబడి జైల్లో పెట్టారు. ఎదురుగా ఉన్నవాళ్ళ చేతుల్లో ఏమీ లేదని ఆయన చూశాడు. అంతే చూశాడు. డయ్యర్ కూడా అదే చూశాడు.

కాబట్టి డిగ్రీకీ ఆ చూపుకీ సంబంధం ఏమిటో నాకు తేల్చడం కష్టంగా ఉంది. చదువు సందేహించడం నేర్పుతుంది నిజమే, సందేహాన్ని చక్కటి వాక్యాలతో కప్పేయడం కూడా నేర్పుతుంది. 15 సెకన్లలో. కాకపోతే గఢ్వాలీ లాంటివాళ్ళు ఎప్పుడో ఒకరు పుడతారని నమ్మి సైన్యం నడపలేం. చట్టబద్ధమైన ఆజ్ఞ అంటే ఏమిటో కనీసం ఒక గంట క్లాసు చెప్పొచ్చు. మై లాయ్ గురించి, పెషావర్ గురించి క్యాడెట్లకి చెప్తే క్రమశిక్షణ పోతుందని భయపడేవాళ్ళకి క్రమశిక్షణ మీద నమ్మకం తక్కువ.

ఇంతకీ మొదట చెప్పిన 18వ అధికరణం సంగతి. మావాడితో పాటు పొద్దున్నే పరుగెత్తిన స్నేహితుడొకడు ఇంటర్‌తో చదువు ఆపి అగ్నివీర్‌గా వెళ్ళాడు. ఇద్దరిదీ ఒకే వీధి. మావాడు సెలెక్ట్ అయితే మూలవేతనం 56,100, దాని మీద సైనిక సేవా వేతనం 15,500, మిగతా అలవెన్సులు. స్నేహితుడికి మొదటి ఏడాది నెలకి 30,000, అందులో 9,000 సేవానిధికి పోగా చేతికి 21,000. నాలుగేళ్ళయ్యాక నూటికి 25 మందిని ఉంచుకుంటారు, మిగతావాళ్ళు సుమారు 11.71 లక్షలు పట్టుకుని ఊరికి రావాలి. 2022 జూన్‌లో సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది ఈ లెక్క మీదే. ఈ ఇద్దరి మధ్య తేడా ధైర్యంలో లేదు, పరుగులో లేదు, పరుగులో ఆ రెండోవాడే ముందుండేవాడట. ఒకడికి మూడేళ్ళు ఫీజు కట్టగలిగిన నాన్న ఉన్నాడు. సంపాదించుకున్న హోదా అని రాజ్యాంగం నమ్మిన దాంట్లో ఆ ఫీజు ఎంత, పరుగు ఎంత?

ఆఫీసరు ముందుండి నడుస్తాడు కాబట్టి ఆ హోదాకి అర్హుడు అని ఒక జవాబు ఉంది. తీసిపారేయలేని జవాబు. సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు 2020 జూన్‌లో గల్వాన్‌లో తన పటాలం ముందు నిలబడే పోయాడు. ఉస్మానియాలో డిగ్రీ చేసి మద్రాసు అకాడమీలో తయారైన మేజర్ పద్మపాణి ఆచార్య 1999లో కార్గిల్ కొండ మీద అలాగే. చావు దగ్గర హోదా పెద్దగా పనిచేయదు. 2025 మే నెలలో సరిహద్దులో పోయిన మురళీనాయక్ గోరంట్ల మండలం కల్లితండా కుర్రాడు, అగ్నివీర్. సంతోష్ బాబుతో కలిపి గల్వాన్‌లో పోయినవాళ్ళు 20 మంది. మిగతా 19 పేర్లలో రెండు చెప్పమంటే నేను చెప్పలేను, మీరూ చెప్పలేరనుకుంటా. మన సినిమాల్లో సైనికుడంటే ఎప్పుడూ ఆఫీసరే. 'సీతా రామం' రాముడు లెఫ్టినెంటు, 'మేజర్' పేరులోనే ఉంది. ఆ ఆఫీసరు చెప్తే వెనక నడిచినవాళ్ళకి డైలాగులుండవు.

వీటిలో కొన్ని మాటలు వాడితో అన్నాను. వాడు విని, వాళ్ళిద్దరూ ఒకే యూనిట్లో పడితే స్నేహితుడు తనని సార్ అనాల్సి వస్తుందని, అది తలుచుకుంటే నిద్ర పట్టదని చెప్పాడు. ఆజ్ఞల గురించి నేనడిగిన పెద్ద ప్రశ్నలన్నిటికంటే అది వాణ్ణి ఎక్కువ కెలికినట్టుంది. "వాణ్ణి ముందుకు పొమ్మని చెప్పాల్సొస్తే నేనే పోతాన్లే అన్నా" అన్నాడు. అలా కుదరదు, ఆఫీసరు పని పంపడం కూడా అన్నాను. తెలుసన్నాడు.

ఐదో రోజు కాన్ఫరెన్స్‌లో వాడి నంబరు పిలవలేదు. మెజెస్టిక్‌లో కడప బస్సెక్కించాను. స్పెషల్ ఎంట్రీకి వయసు 25 దాకా ఉంది, ఏడాదికి రెండుసార్లు నోటిఫికేషన్ వస్తుంది. మళ్ళీ అప్లై చేశాడు. ఈసారి కోచింగు నోట్సు తీసుకెళ్ళనన్నాడు, చిన్నాన్న మాత్రం ఇంకో కోచింగు కోసం డబ్బు సర్దుతున్నాడు.